రెండు నిమిషాలకొక టిక్కు

మా ఆయనకు ఆ నల్ల కారు మీద ముప్పై రెండేళ్ళుగా విసుగు రాలేదు. నా మీద వారానికి రెండుసార్లు వస్తుంది. ఈ ఒక్క ముక్క చెబితే మా కాపురం సంగతి మీకు సగం తెలిసినట్టే.

పేరు రోలాన్ వియాల్. జిల్లా పాలన చూసే ఉప ప్రిఫెక్టు దొరవారి దగ్గర ముప్పై నాలుగేళ్ళు డ్రైవరుగా చేశాడు. దొరలు మారేవాళ్ళు, ప్రభుత్వాలు మారేవి, మా ఆయన టోపీ మాత్రం మారలేదు. ఎనభై నాలుగులో ఆఫీసుకి కొత్త సిట్రోయెన్ సీఎక్స్ వచ్చింది. నల్లది, పొడుగ్గా, ముక్కు నేలకి ఆనించి ఏదో వాసన చూస్తున్నట్టు ఉంటుంది. ఏడేళ్ళు దొరలని తిప్పాక, ఇక పాతబడిందని ప్రభుత్వం దాన్ని వేలానికి పెట్టింది. పాట పాడి మా ఆయన ఇంటికి తోలుకొచ్చాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను.

"ఎక్కడ పెడతావయ్యా దీన్ని? మన పడగ్గది కన్నా పొడుగుంది."

"కుందేళ్ళ కొట్టంలో."

"మరి కుందేళ్ళు?"

"వండెయ్."

మూడు వారాలు ఆవముద్ద పట్టించిన కుందేలు కూరే తిన్నాం. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ఆ కారే గుర్తొస్తుంది.

ఈ కారుకి అందరి కార్లకీ ఉన్నట్టు కింద స్ప్రింగులు ఉండవు. పచ్చటి నూనె, చిన్న గుమ్మడికాయలంత ఇనుప గుండ్లు, వాటిలో బంధించిన వాయువు, వీటి మీదే బండంతా తేలుతుంది. ఇంజను ఆపి వదిలేస్తే మెల్లగా కిందికి కూలబడుతుంది. తాళం తిప్పగానే మా లిముజాన్ ప్రాంతపు ఆవుల్లాగా మొదట వెనక భాగం లేపి, తర్వాత ముందు భాగం లేపి నిలబడుతుంది. అది లేచేదాకా మా ఆయన గేరు వెయ్యడు. పెళ్ళైన కొత్తలో నేను మంచం దిగేదాకా కూడా అంత ఓపిగ్గా ఆగలేదు.

లేవడానికీ, స్టీరింగు తిరగడానికీ, బ్రేకు పట్టడానికీ అన్నిటికీ ఆ పచ్చ నూనె ఒత్తిడే ఆధారం. పంపు నూనెని ఒక పెద్ద గుండులోకి ఎక్కించి, నిండగానే "టిక్" మని ఆగుతుంది. ఒత్తిడి తగ్గితే మళ్ళీ ఎక్కించి మళ్ళీ "టిక్". గుండు ఆరోగ్యంగా ఉంటే టిక్కుకీ టిక్కుకీ మధ్య చాలాసేపు పడుతుంది. గుండులో వాయువు పోతే గడియారంలా ఒకటే టిక్కు టిక్కు. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ముప్పై రెండేళ్ళు భోజనాల దగ్గర ఇదే వింటే మీకూ తెలుస్తాయి.

ప్రతి ఆదివారం పదకొండింటికి, నేను వంటలో ఉండగా, మా ఆయన కారు బానెట్టు తెరిచి, ఇంజను స్టార్ట్ చేసి, చేతిగడియారం చూస్తూ చెవొగ్గి నిలబడేవాడు. టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎన్ని సెకన్లో సుద్దముక్కతో కొట్టం తలుపు మీద రాసేవాడు. ఏళ్ళ తరబడి ఆ తలుపు మీద నలభై, నలభై రెండు, ముప్పై తొమ్మిది, ఇలాగే ఉండేది. ముప్పైకి దిగిందంటే గుండు మార్చేవాడు. చర్చికి పోయేవాళ్ళు పోనీ, మా ఆయన పూజ ఇది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో తలుపు మీద యాభై ఐదు పడింది. మార్చిలో డెబ్భై. ఈస్టర్ నాటికి నూట ఇరవై! రెండు నిమిషాలకొక టిక్కు! మా ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. ఊళ్ళో కాఫీ దుకాణానికి వెళ్ళి ప్రతివాడికీ చెప్పాడు. పాతబడే కొద్దీ మెరుగయ్యే జాతి అన్నాడు. తను నూనె మార్చే పద్ధతిలోనే ఉంది కిటుకంతా అన్నాడు. అక్కడ కూర్చున్న వాళ్ళలో ఒకాయన తన కారుకీ చూసిపెట్టమన్నాడట. అది జర్మన్ కారు. మా ఆయన సానుభూతిగా తల ఊపి వచ్చేశాడట.

చలికాలమంతా నా వంటింటి కిటికీ మూసే ఉంటుంది. మే నెలలో ఒక ఆదివారం తెరిచి, అక్కడే కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్నాను. బయట కారు ఇంజను నడుస్తోంది. టిక్. టిక్. టిక్. ఒక దుంప చుట్టూ కత్తి తిప్పేలోపు మూడు.

"ఏమయ్యా! ఏంటది, ఊరికే టిక్కుమంటోంది?"

"ఆఁ?"

"టిక్కుమంటోందీ అంటున్నా!"

"నీ కుక్కరు చూసుకోవే!" అని గడియారంలోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఎంతో హుందాగా తలుపు మీద నూట ముప్పై అని రాశాడు.

నా చేతిలో దుంప జారి బక్కెట్లో పడింది. కారు బాగుపడటం కాదు, మా ఆయన చెవులు పోయాయి. ఏ యాభయ్యో అరవయ్యో టిక్కుకో ఒకటి గట్టిగా వినిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకుంటున్నాడు.

నిజానికి నాకు ముందే తెలియాల్సింది. రెండేళ్ళుగా టీవీలో వార్తలు చదివేవాళ్ళు గొణుగుతున్నారని తిడుతున్నాడు. ఫాదరు గొణుగుతున్నాడట. గంట కొడితే పోస్టమ్మాయి కొట్టలేదంటాడు. చెవుల మిషన్ల దుకాణానికి వెళ్దాం రమ్మని ఆరుసార్లు అడిగాను.

"నాకేమైంది? మీరే నోరు తెరిచి మాట్లాడటం మానేశారు. ఈ దేశం మొత్తం గొణుగుతోంది, ఒడిల్!"

దేశం మొత్తానికి మిషన్లు పెట్టించడం నావల్ల కాదు కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోవడం కుదరదు. జూన్ పదిన మా మనవరాలు నోయెమీ పెళ్ళి.

నోయెమీకి ఏడేళ్ళప్పుడు మా అబ్బాయి తియెరీ పోయాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. అందుకని పొద్దున పిల్లని బడికి దింపడం, సాయంత్రం తీసుకురావడం, బుధవారాలు ఈతకి తీసుకెళ్ళడం, అన్నీ మా ఆయనే, ఆ నల్ల కారులోనే. ఉప ప్రిఫెక్టు దొరకి తలుపు తీసినట్టే దానికీ తలుపు తీసేవాడు. అది కూడా తక్కువ తిన్నదేం కాదు, ఏడేళ్ళ పిల్ల, "ధన్యవాదాలు రోలాన్ గారూ, ఐదింటికి రండి" అని సంచీ ఊపుకుంటూ లోపలికి పోయేది. పెళ్ళి కుదిరిన రోజే చెప్పింది, తాతయ్య కారులోనే వస్తాను, లేకపోతే నడిచి వస్తానని. పెళ్ళికొడుకు మేనమామ తన కొత్త కరెంటు కారు ఇస్తానంటే మర్యాదగా వద్దంది.

మా ఇంటి నుంచి కింద పట్నంలో మేరీ దాకా, అంటే మేయరు పెళ్ళిళ్ళు చేయించే పురపాలక కార్యాలయం దాకా, తొమ్మిది కిలోమీటర్లు. మొత్తం దిగుడే, పదకొండు మలుపులు. వెనక సీట్లో మనవరాలు. ముందు సీట్లో ఆ బ్రేకుల సంగతి తెలియని మనిషి.

నేరుగా చెప్పేస్తే అయిపోయేది కదా అంటారు. చెప్పండి చూద్దాం. నీ చెవులు పోయాయి, నువ్వు నాలుగు నెలలుగా ఊరందరి ముందూ అబద్ధం చెప్పావు అని, అదీ అబద్ధమంటే అసహ్యించుకునే మనిషితో. నాకు నోరు రాలేదు. మీరు నమ్మరుగానీ, నాకు నోరు రాకపోవడం అరుదు.

అందుకని పెంతెకోస్తు పండగ ఆదివారం ఆన్సెల్మ్‌ని భోజనానికి పిలిచాను. ఆన్సెల్మ్ మా ఆయన పాత స్నేహితుడు, ఎనభై ఏళ్ళు. ఒకప్పుడు పట్నంలో ఈ కార్లకే మెకానిక్కు. బండి గురించి అతను చెబితే మా ఆయన వింటాడు. పదకొండింటికి ఇద్దరూ బానెట్టు దగ్గర నిలబడ్డారు. నేను చేతులు తుడుచుకుంటూ వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను.

టిక్. టిక్. టిక్. టిక్.

ఆన్సెల్మ్ ముఖం వాడిపోయింది. మా ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూశావా? ఒక్కటి లేదు! నిమిషం దాటింది!" అన్నాడు మా ఆయన.

ఆన్సెల్మ్ నావైపు చూశాడు. చెప్పు అన్నట్టు కళ్ళు పెద్దవి చేశాను.

"అవునవును..." అన్నాడు ఆన్సెల్మ్. "చాలా... నిదానంగా ఉంది."

"పిరికి పీనుగా!" అన్నాను.

"ఏమందిరా?" అన్నాడు మా ఆయన.

"భోజనం తయారట," అన్నాడు ఆన్సెల్మ్.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందుకు వెళ్ళి మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇంకో చేత్తో ఆన్సెల్మ్ చొక్కా పట్టుకున్నాను.

"ఆ టిక్కుమనే సామాను ఎక్కడుందో ఈయన చెయ్యి అక్కడ పెట్టు."

"ఏంటే ఇది?" అన్నాడు మా ఆయన.

"చెయ్యి పెట్టవయ్యా, కొరకదు."

ఆన్సెల్మ్ ఆ చేతిని తీసుకెళ్ళి ఇంజను పక్కన గుండు మీద ఆనించాడు. మా ఆయన మొదట నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నవ్వు ఆగింది. తల వంచాడు. నాడి చూసే డాక్టరులా కళ్ళు మూసుకున్నాడు. అరచేతి కింద అది రెండు సెకన్లకొకసారి కొట్టుకుంటోంది. కళ్ళు తెరిచి గడియారం చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"నీకు వినిపిస్తోందా?"

తల ఊపాను.

"వాడికి?"

ఆన్సెల్మ్ తన బూట్లు చూసుకున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"కిటికీ తెరిచినప్పటి నుంచి," అన్నాను.

మా ఆయన లోపలికి వంగి ఇంజను ఆపాడు. కారు ఉస్సురంటూ కిందికి దిగింది. తలుపు దగ్గరికి వెళ్ళి చొక్కా చేతితో ఆ అంకెలన్నీ తుడిచేశాడు. తెల్లచొక్కా, పండగ చొక్కా. నేను వెళ్ళి కంచాలు పెట్టాను. భోజనంలో బంగాళాదుంపలు పెట్టి కాల్చిన రొట్టె ముట్టుకోలేదు, చెర్రీలు వేసిన క్లఫూతీ కేకు ముట్టుకోలేదు. ఆన్సెల్మ్ మాత్రం బాధతో రెండు వాటాలు తిన్నాడు.

"ఆ మేనమామ కారులో వెళ్ళమను పిల్లని," అన్నాడు చివరికి మా ఆయన. "నా బండి చెప్పేది నాకే వినపడనప్పుడు నేను మనుషుల్ని ఎక్కించుకోకూడదు."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కూడా వస్తుంది, రెండూ ఒకే దారిలో వస్తాయి.

"ఎక్కించుకోకూడదా? పదహారేళ్ళ నుంచి నీ వెనక సీట్లో కూర్చున్న పిల్ల పెళ్ళి పూట వేరేవాడి బండెక్కాలా? నీ చెవులు పోతే పోయాయి, చేతులున్నాయా లేవా? గుండు మార్చు. నేను వింటాను."

"నువ్వా?"

"నాకు చెవులు లేవా? నీ గురకని యాభై ఏళ్ళు విన్న చెవులివి!"

ఈ మాట ఆయనకి స్పష్టంగా వినపడింది. చిత్రం ఏమిటంటే తిట్లు అన్నీ వినపడతాయి.

కొత్త గుండు ఆన్సెల్మ్ ఇంట్లో ఉంది. నేలమాళిగలో, జామ్ సీసాల పక్కన, గుడ్డ చుట్టి. మర్నాడు పొద్దున్నే తెచ్చాడు. ముందుగా ఇంజను మీద పడుకోబెట్టి ఉన్న స్టెప్నీ టైరు దించారు. ఆ తర్వాత ఒత్తిడి వదలడానికి చిన్న మరని అర చుట్టు విప్పాలి. నేను బాగా చూద్దామని వంగాను. బుస్సుమని పచ్చ నూనె నా ఏప్రను మీద చిమ్మింది.

"దూరంగా ఉండమన్నానుగా!" అన్నాడు మా ఆయన.

"ఎప్పుడన్నావు?"

"మనసులో అన్నా."

"ఇదిగో, గొణిగేది ఎవరో ఇప్పుడు తెలిసిందా!"

పాత గుండు బిగుసుకుపోయింది. గొలుసు పట్టకారు వేసి ఇద్దరు ముసలివాళ్ళూ లాగారు. ఆన్సెల్మ్ నోట్లోంచి వచ్చిన మాటలు నేనిక్కడ రాయను. గంటన్నరకి కిర్రుమంటూ కదిలింది. బయటికి తీసి చూస్తే లోపలి రబ్బరు పొర చిరిగిపోయి ఉంది, వాయువనేది లేదు, మొత్తం నూనె. మా ఆయన దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని పెట్టుకుని నోయెమీని దింపేవాణ్ణి," అన్నాడు. "మలుపులో ఇంజను ఆగితే బ్రేకు ఎన్నిసార్లు పట్టేదిరా?"

"తెలియదు," అన్నాడు ఆన్సెల్మ్. "తెలుసుకోవాలనీ లేదు."

తర్వాత మా ఆయన కొత్త గుండుకి రబ్బరు చుట్ట పెట్టి, పట్టకారు లేకుండా చేత్తోనే బిగించాడు. చేత్తోనే బిగించాలట, అదొక పద్ధతి. నూనె నింపాడు. స్టార్ట్ చేశాడు. కారు ఆవులా లేచింది.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. టిక్కుమన్నప్పుడల్లా నేను చెయ్యెత్తాలి. మా ఆయన గడియారం పట్టుకుని ఇంజను వైపు కాదు, నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళినాడు కూడా ఈ మనిషి నన్ను ఇంతసేపు చూడలేదు. సిగ్గేసి నవ్వొచ్చింది.

"నవ్వకే, లెక్క తప్పుతుంది!"

టిక్. చెయ్యెత్తాను. మళ్ళీ ఎదురుచూపు. పక్క పెరట్లో కోడి అరిచింది. దూరంగా ట్రాక్టరు వెళ్ళింది. టిక్. చెయ్యెత్తాను.

"నలభై ఏడు!" అని అరిచాడు. తర్వాత అనుమానంగా, "నా కోసం అబద్ధం చెప్పట్లేదు కదా?"

"లేదు."

"ప్రమాణం చెయ్."

"ఏంటయ్యా, నీ మనవరాలు ఎక్కే బండికి అబద్ధం చెబుతానా?"

"అవును కదా," అన్నాడు. యాభై ఏళ్ళలో నా మాటకి ఆయన వెంటనే ఒప్పుకోవడం అదే మొదలు. తేదీ గుర్తు పెట్టుకున్నాను, మే ఇరవై తొమ్మిది. ఆ పన్నెండు రోజులూ పొద్దునోసారి, సాయంత్రమోసారి నన్ను స్టూలెక్కించి వినిపించుకున్నాడు. నా జుట్టు పార్లరు అపాయింటుమెంటు కూడా దాటిపోయింది.

పెళ్ళి రోజు మధ్యాహ్నం కారుకి తెల్ల రిబ్బన్లు కట్టాం. నోయెమీ వెనక సీట్లో కూర్చుంటే గౌను సీటంతా నిండి కిటికీల దాకా వచ్చింది. పెళ్ళికూతురు పక్కన వాళ్ళమ్మ కూర్చోవాలి, కానీ చోటు లేక ఆమె ఆన్సెల్మ్ కారులో వచ్చింది. నేను ముందు సీట్లో, మా ఆయన పక్కన. ఒప్పందం ఏమిటంటే, టిక్కులు దగ్గరపడితే నేను ఆయన మోకాలు మీద కొడతాను, వెంటనే బండి పక్కకి ఆపేస్తాడు. కిటికీ దించి చెవి బయట పెట్టాను. పార్లరుకి పోకపోవడం మంచిదే అయింది, జుట్టంతా గాలికి రేగిపోయింది.

పదకొండు మలుపులు. ఒక్కసారి మాత్రం ఆయన మోకాలు మీద కొట్టాను, అదీ పొరపాటున, తేనెటీగని తోలబోయి. ఆయన బండి ఆపేసి తెల్లబోయిన ముఖంతో నన్ను చూశాడు. వెనక వస్తున్న కార్లన్నీ ఏదో ఆచారం అనుకుని ఆగి హారన్లు కొట్టాయి. నోయెమీ నవ్వి నవ్వి, కాటుక చెరిగిపోతోంది ఆపండి బాబూ అంది.

మేరీ ముందు బండి ఆగింది. ఇంజను ఆపగానే కారు మెల్లగా కిందికి దిగింది. నేను నా వైపు తలుపు తీయబోతుంటే నోయెమీ ముందుకి వంగింది. మా ఆయన తల వెనక, భుజం మీద చెయ్యి వేసి, చాలా నెమ్మదిగా అంది.

"తాతయ్యా, నాన్న లేడని నేను ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఈ బండెక్కాక ఒక్కసారీ ఏడవలేదు."

మా ఆయన భుజం మీది చేతిని తట్టి, "తలుపు అంచు చూసుకో తల్లీ, గౌను పట్టుకుంటుంది," అన్నాడు. దిగి వెళ్ళి, టోపీ తీసి, తలుపు తెరిచాడు. తాతయ్య సిగ్గుపడి మాట మార్చాడనుకుని ఆ పిల్ల ఆయన బుగ్గ మీద ముద్దు పెట్టింది. చెయ్యి పట్టుకుని ఇద్దరూ మెట్లెక్కి లోపలికి వెళ్ళారు. ఆయనకి వినపడలేదని నాకొక్కదానికే తెలుసు. లోపల మేయరు పెళ్ళి చట్టం చదువుతున్నంతసేపూ ఆ పిల్ల మాటే నా చెవుల్లో తిరిగింది.

సాయంత్రం తోటలో అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. నోయెమీ అవతల స్నేహితురాళ్ళతో ఫొటోలు దిగుతోంది. మా ఆయన బెంచీ మీద కూర్చుని, ఎవరో చెప్పే జోకులకి నలుగురితో పాటు నవ్వుతున్నాడు. అవతలివాళ్ళు వెళ్ళాక నేను పక్కన కూర్చుని, ఆ పిల్ల అన్నమాట ఆయన చెవి దగ్గర గట్టిగా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను.

ఆయన నవ్వు ఆపి నావైపు తిరిగాడు.

"ఎప్పుడంది?"

"బండి ఆగాక. నీ వెనకే."

"ఎలా అంది?"

"ఇప్పుడేగా చెప్పాను."

"మాటలు కాదే, ఒడిల్. గొంతు ఎలా ఉంది? ఏడుస్తూ అందా? నవ్వుతూ అందా?"

చెబుదామని నోరు తెరిచాను. మాటలైతే మోసుకొచ్చి ఇచ్చాను. ఆ పిల్ల గొంతు ఎక్కడ నుంచి తెచ్చివ్వను?

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు నోయెమీ మీదే ఉన్నాయి.

"ఆ చెవుల దుకాణం సోమవారం తీస్తారా?"

"సోమవారం మూత."

"అయితే మంగళవారం," అన్నాడు.